మంగు పోవాలని రాస్తే బొల్లి మచ్చలు ఎందుకొచ్చాయి?

2013 జూలై 4న జపాన్‌లో కనెబో కంపెనీ చర్మాన్ని తెల్లబరిచే తన 54 రకాల సౌందర్య ఉత్పత్తులను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. అన్నింటిలోనూ ఉన్నది ఒకటే పదార్థం: రోడోడెనాల్, 2 శాతం. నిక్కో మేపుల్ బెరడులో, తెల్ల భూర్జ చెట్టులో ఉండే అణువే అది. 2008లో అక్కడి ప్రభుత్వ అనుమతి కూడా వచ్చింది. తీరా చూస్తే రాసుకున్న చోటే, ముఖం, మెడ, చేతుల మీద, బొల్లిని పోలిన తెల్ల మచ్చలు తేలాయి. బాధితులు 19 వేలు దాటారు.

ఎందుకిలా జరిగిందో తెలియాలంటే చర్మంలోకి కాస్త లోతుగా చూడాలి. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాల్లో టైరోసినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాని నడిబొడ్డున రెండు రాగి పరమాణువులు. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని డోపాగా, డోపాక్వినోన్‌గా మార్చేది ఇదే, చర్మపు రంగు పదార్థం మెలనిన్ పుట్టేది అక్కడి నుంచే. మెలనిన్ తగ్గిస్తాయని చెప్పే మొక్కల అణువుల్లో చాలావాటికి టైరోసిన్ పోలికే ఉంటుంది, అందుకే అవి ఎంజైమ్‌లోకి దూరగలుగుతాయి. కొన్ని లోపల అడ్డంగా కూర్చుని పని ఆపేస్తాయి. కొన్నింటిని మాత్రం ఎంజైమ్ తన ముడిసరుకే అనుకుని మార్చేస్తుంది, అప్పుడు పుట్టే క్వినోన్ అనే విష పదార్థం కణాన్నే చంపేస్తుంది. రోడోడెనాల్ ఈ రెండో రకం. రంగు తయారీ ఆగలేదు, రంగు తయారుచేసే కణమే పోయింది.

ఇది అంతకుముందు ఎవరూ చూడనిదేం కాదు. 1939లోనే అమెరికాలో ఒక తోళ్ల కర్మాగారంలో రబ్బరు గ్లౌజులు తొడుక్కున్న కార్మికుల చేతులు తెల్లబడ్డాయి. రబ్బరు పాడవకుండా కలిపిన మోనోబెంజోన్ దానికి కారణం, అది చర్మాన్ని తెల్లబరిచే హైడ్రోక్వినోన్ అనే రసాయనం కుటుంబానిది. 1998లో జపాన్‌లోనే రాస్ప్‌బెర్రీ కీటోన్ తయారుచేసే కార్మికులకు బొల్లి వచ్చిన సంగతి వైద్య పత్రికలకెక్కింది. రాస్ప్‌బెర్రీ కీటోన్‌కూ రోడోడెనాల్‌కూ తేడా ఒక్క కీటోన్ భాగమే. ఆ హెచ్చరిక చేతిలో ఉండగానే పదేళ్లకు అనుమతి వచ్చింది, ఇది నిజంగా బాధపెట్టే విషయం.

మంగు క్రీముల్లో కలిపే ఆర్బుటిన్ సంగతీ చెప్పాలి. ఎలుగుబంటి ద్రాక్ష (బేర్‌బెర్రీ) ఆకుల్లో, బేరి ఆకుల్లో ఉంటుంది. చక్కెర అణువు తగిలించుకున్న హైడ్రోక్వినోనే అది. ఆ బంధం తెగితే హైడ్రోక్వినోన్ విడుదలవుతుంది, చర్మం మీది బాక్టీరియా కూడా తెంచగలదు. యూరప్ నిబంధనల్లో ముఖానికి రాసే క్రీములో ఆర్బుటిన్ మరో రూపమైన ఆల్ఫా ఆర్బుటిన్‌ 2 శాతం, ఆర్బుటిన్‌ 7 శాతం దాటకూడదు. ఇలాంటి క్రీముల్లోనే వాడే కోజిక్ ఆమ్లానికి 1 శాతమే హద్దు (అది మొక్కది కాదు, బూజు నుంచి వస్తుంది, ఎంజైమ్‌లోని రాగిని పట్టేసుకుని పనిచేస్తుంది). కనుక సీసా మీద శాతం రాసి లేకపోతే కొనకండి.

మన ఇళ్లలో అతిమధురం పొడిని పన్నీరులో కలిపి పట్టిస్తారు. టైరోసినేజ్‌ను ఆపే గ్లాబ్రిడిన్ ఆ వేరులో చాలా కొద్దిగా ఉంటుంది, పైగా నీళ్లలో కరగదు. పన్నీరులోకి దిగేది తియ్యదనమిచ్చే గ్లైసిరైజిన్. అందుకే ఆ పూతతో హాని అంతగా లేకపోయినా మంగు కదలదు. నిమ్మరసం మాత్రం వద్దే వద్దు: నిమ్మజాతి కాయల్లోని ఫ్యూరోకౌమరిన్లు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి, ముందుకంటే నల్లటి మచ్చ మిగులుస్తాయి.

కొత్త క్రీము ఏదైనా మోచేతి లోపలి వైపు వారం రోజులు రాసి చూడాలి. ఆ పరీక్ష మంటను, దద్దుర్లను పట్టిస్తుంది గానీ తెల్ల మచ్చను పట్టించదు, అది నెలలు వాడాక బయటపడుతుంది. చర్మం పై పొర మారడానికే దాదాపు నెల పడుతుంది కాబట్టి ఫలితం కోసం 8 నుంచి 12 వారాలు చూడాలి. పగటిపూట సన్‌స్క్రీన్ లేకపోతే ఎన్ని వారాలైనా వృథా. రాసిన చోట చుట్టూ ఉన్న చర్మం కంటే తెల్లగా అంచు తేలితే ఆ రోజే ఆపి చర్మ వైద్యుడికి చూపించాలి. కనెబో బాధితుల్లో ఆపేసినవారిలో చాలామందికి నెలల మీద రంగు తిరిగొచ్చింది, కొందరికి రాలేదు.