ఇంటర్‌ఫేసా, అబ్‌స్ట్రాక్ట్ క్లాసా?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంటర్వ్యూల కోసం మీరిద్దరూ ఈ రెండింటి తేడాల పట్టిక బట్టీ పడుతున్నారని మీ అమ్మ చెప్పింది. అది పక్కన పెట్టి, జావా భాషలోనే ఉన్న లిస్ట్, అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్‌ల సోర్స్ కోడ్ తెరిచి చూడండి.

లిస్ట్ ఒక ఇంటర్‌ఫేస్. ఏమేం చేయగలగాలో చెబుతుంది, ఎలా చేస్తారన్నది మీ ఇష్టం. అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ సగం రాసిపెట్టిన క్లాస్. గెట్ (ఫలానా స్థానంలో ఉన్నది ఇచ్చేది), సైజ్ (ఎన్ని ఉన్నాయో చెప్పేది) అనే రెండు మెథడ్లు మీరు రాస్తే చాలు. వెతకడం, వరసగా తిరగడం, ఇంకో లిస్టుతో పోల్చడం అదే చూసుకుంటుంది. అర్రేలిస్ట్ ఈ రెండింటినీ వాడుకుంది. వాడేవాళ్లకి ఇంటర్‌ఫేస్, రాసేవాళ్లకి అబ్‌స్ట్రాక్ట్ క్లాస్. రెండూ పోటీదారులేమీ కావు.

అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్‌లో మాడ్‌కౌంట్ అనే చిన్న ఫీల్డ్, అంటే విలువ దాచుకునే చోటు, ఉంటుంది. లిస్టులో ఏదైనా చేర్చినా తీసేసినా అది పెరుగుతుంది. లూప్ నడుస్తుండగా లిస్టు మారిపోతే మీకు ఎర్రర్ వచ్చేది దీనివల్లే. ఇలా ఒక్కో ఆబ్జెక్టుకి విడిగా లెక్క దాచుకోవడం ఇంటర్‌ఫేస్‌కి చేతకాదు. అందులో పెట్టే ఫీల్డులన్నీ అందరికీ ఒకటే అయిన, మారని విలువలు.

2014లో జావా 8 వచ్చి, ఇంటర్‌ఫేస్‌లో డిఫాల్ట్ మెథడ్లు, అంటే కోడ్‌తో సహా ఉండే మెథడ్లు, రాయనిచ్చింది. దానికో కారణం ఉంది. లిస్ట్‌కి పైనున్న కలెక్షన్ ఇంటర్‌ఫేస్‌కి స్ట్రీమ్ అనే కొత్త మెథడ్ చేర్చాలి. మామూలుగా చేరిస్తే, దాన్ని ఇంప్లిమెంట్ చేసిన క్లాసులన్నీ, ఎవరెవరో రాసుకున్నవి కూడా, కంపైల్ కాకుండా పోతాయి. ఇక అబ్‌స్ట్రాక్ట్ క్లాసుల పని అయిపోయిందని అప్పుడు కొందరన్నారు. నేనొప్పుకోను. డిఫాల్ట్ మెథడ్ వచ్చినా ఒక్కో ఆబ్జెక్టుకి విడిగా ఉండే ఫీల్డ్ రాలేదు, ఆబ్జెక్టుని సిద్ధం చేసే కన్‌స్ట్రక్టర్ రాలేదు.

ఇంకో సంగతి. జావాలో ఒక క్లాసుకి తల్లి క్లాస్ ఒక్కటే. ఇంటీజర్ ఆ చోటు నంబర్ అనే అబ్‌స్ట్రాక్ట్ క్లాసుకి ఇచ్చేసింది. అయినా స్ట్రింగ్‌తో పాటు తానూ కంపేరబుల్ (ఒకదానితో ఒకటి పోల్చి వరసలో పెట్టదగినది) అయిందంటే, అది ఇంటర్‌ఫేస్ కాబట్టే.

నా పద్ధతి అడిగితే, ముందు ఇంటర్‌ఫేస్. రెండు మూడు క్లాసుల్లో అవే ఫీల్డులు, అదే కోడ్ కనిపించాక అబ్‌స్ట్రాక్ట్ క్లాస్. ఉన్నదే ఒక్క క్లాస్ అయితే ఏదీ వద్దు. ప్రతి క్లాసుకీ ఒక ఇంటర్‌ఫేస్ తగిలించడం ఈమధ్య మరీ ఎక్కువైంది.

ఆదివారంలోగా ఒక పని చేయండి. అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ నుంచి ఒక క్లాస్ రాయండి. సైజ్ లక్ష, గెట్ ఇచ్చేది ఇండెక్స్‌కి ఒకటి కలిపిన సంఖ్య. మెమరీలో ఒక్క అంకె కూడా దాచకుండా లక్ష అంకెల లిస్ట్ తయారవుతుంది. తర్వాత దాని మీద యాడ్ పిలవండి. వచ్చిన ఎర్రర్ ఏమిటో, ఎందుకొచ్చిందో నాకు రాయండి.

మీ పెదనాన్న