వాగు ఒడ్డు చెట్టు ఎక్కడి నీళ్లు తాగుతోంది?

వాగు ఒడ్డున ఉన్న చెట్టు వాగు నీళ్లే తాగుతుంది. దీనికి మళ్లీ పరిశోధన ఎందుకు అనిపిస్తుంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో టాడ్ డాసన్, జేమ్స్ ఎలరింజర్ ఈ సంగతే పరీక్షించి, 1991లో ‘నేచర్’ పత్రికలో ఫలితం ప్రకటించారు. ఏడాది పొడవునా పారే వాగును ఆనుకుని ఉన్న పెద్ద చెట్లు ఆ నీటిని దాదాపు ముట్టుకోవడమే లేదు. అంతకంటే లోతున ఉన్న నీటిని పీల్చుకుంటున్నాయి. వాగు మీద ఆధారపడినవి ఒడ్డునున్న చిన్న చెట్లు మాత్రమే.

వేళ్లు తవ్వి చూస్తే ఇది తెలిసేది కాదు. ఒక చోట వేరు ఉన్నంత మాత్రాన అది అక్కడ నీళ్లు తాగుతోందని చెప్పలేం. వాళ్లు కొలిచింది కాండంలోని నీటిలో ఉన్న హైడ్రోజన్‌ను.

ప్రకృతిలో దొరికే హైడ్రోజన్‌లో ప్రతి పదివేల పరమాణువులకు ఒకటీ రెండూ బరువైనవి ఉంటాయి. వాటి కేంద్రకంలో ప్రోటాన్‌తో పాటు ఒక న్యూట్రాన్ కూడా ఉంటుంది. ఇదే డ్యుటీరియం. 1931లో దీన్ని కనిపెట్టిన హెరాల్డ్ యూరీకి 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. కార్బన్‌లోనూ ఇలాగే 1.1 శాతం కార్బన్-13 ఉంటుంది, నత్రజనిలో 0.4 శాతం లోపు నైట్రోజన్-15 ఉంటుంది. ఒకే మూలకంలో ఇలా బరువు తేడా ఉన్న పరమాణువులను ఐసోటోపులు అంటారు. ఇవన్నీ స్థిర ఐసోటోపులు. కార్బన్-14 లాగా రేడియోధార్మికత ఉన్నవి కావు, కాబట్టి కాలంతో పాటు తరిగిపోవు.

బరువైనవీ తేలికైనవీ రసాయనికంగా దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి. ఆ ‘దాదాపు’లోనే అసలు కథంతా ఉంది. నీరు ఆవిరయ్యేటప్పుడు తేలిక అణువులు కొంచెం ముందు లేస్తాయి. మేఘం కురిసేటప్పుడు బరువైనవి కొంచెం ముందు రాలతాయి. అందుకే మంచుకు, వేసవి వానకు, లోతు భూగర్భజలానికి ఐసోటోపు నిష్పత్తులు వేరువేరుగా ఉంటాయి. వేళ్లు నీటిని పీల్చేటప్పుడు సాధారణంగా ఈ నిష్పత్తి మారదు. ఉప్పునీటిని తట్టుకునే కొన్ని మొక్కలు మాత్రం ఇందుకు మినహాయింపు. అంటే కాండంలోని నీరు తను వచ్చిన చోటి గుర్తును అలాగే మోసుకొస్తుంది. ఆకుల్లోని నీటిని తీసుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది, ఎందుకంటే అక్కడ అప్పటికే కొంత నీరు ఆవిరైపోయి ఉంటుంది.

ఇదే సూత్రంతో బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనెయాస్ సలాటీ బృందం 1979లో అమెజాన్ వానలను పరిశీలించింది. సముద్రం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ వాన నీటిలో బరువైన ఐసోటోపులు బాగా తగ్గిపోవాలి. అక్కడ అంతగా తగ్గలేదు. కురిసిన నీటిని అడవే మళ్లీ ఆకాశంలోకి పంపుతోందన్నమాట. అమెజాన్ వానలో దాదాపు సగం ఇలా తిరిగి వచ్చిన నీరేనని ఆ బృందం అంచనా.

నీటిని వదిలి తిండి దగ్గరికి వస్తే ముందు కార్బన్ గురించి చెప్పుకోవాలి. కిరణజన్య సంయోగక్రియలో రుబిస్కో అనే ఎంజైమ్ బరువైన కార్బన్‌ను కొంత పక్కన పెడుతుంది. దాదాపు అన్ని చెట్లు, వరి, గోధుమ ఇలాంటివే. వీటి కార్బన్-13 విలువ సుమారు మైనస్ 27. చెరకు, మొక్కజొన్న, ఉష్ణమండలపు గడ్డి చాలావరకు వేరే పద్ధతి పాటిస్తాయి, వాటి విలువ సుమారు మైనస్ 13. మైనస్ 27 అంటే ప్రమాణంతో పోలిస్తే కార్బన్-13 నిష్పత్తి వెయ్యికి 27 వంతులు తక్కువ అని. ఆ ప్రమాణం మొదట్లో సౌత్ కరోలినాలో దొరికిన ఒక సముద్రజీవి శిలాజం. అది ఎప్పుడో అయిపోయింది. దాని పేరు మీద కట్టుకున్న కొలమానం మాత్రం మిగిలింది.

ఈ తేడా వల్ల ఏనుగు తోక వెంట్రుకే దాని తిండి డైరీ అవుతుంది. ఒకసారి పెరిగిన వెంట్రుక మళ్లీ మారదు కదా. కెన్యాలోని సంబురు ప్రాంతపు ఏనుగులు ఏ కాలంలో గడ్డి మేశాయో, ఏ కాలంలో చెట్ల ఆకులు తిన్నాయో థూర్ సెర్లింగ్ బృందం ఇలాగే చదివింది. అడవి కొట్టి చెరకు వేసిన నేలలో పాత అడవి కార్బన్ ఎంత మిగిలిందో కూడా ఇదే తేడాతో లెక్కకడతారు.

నత్రజని వేరే ప్రశ్నకు జవాబిస్తుంది. జంతువులు తేలిక నత్రజనిని ఎక్కువగా విసర్జిస్తాయి, బరువైనది ఒంట్లో నిలుస్తుంది. దాంతో ఆహారపు గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ విలువ సగటున 3.4 చొప్పున పెరుగుతుందని 1984లో మినగావా, వాడా చూపించారు. వినడానికి సులువే గానీ, తొందరపడితే బోల్తా పడేది ఇక్కడే. ఒక చెరువులో చేప విలువ 12 ఉందనుకుందాం. ఆహారపు గొలుసులో అడుగున ఉండే అక్కడి ఆల్చిప్ప విలువ 5 అయితే చేప దానికంటే రెండు మెట్లు పైన ఉన్నట్టు. మురుగునీరు కలిసే మరో చెరువులో ఆల్చిప్పే 9 చూపిస్తే, అదే 12 ఉన్న చేప ఒక్క మెట్టు పైన మాత్రమే. గొలుసు అడుగున విలువ ఎంతుందో కొలవకుండా చేప గురించి చెప్పే ఏ మాటా నమ్మదగ్గది కాదని నా అభిప్రాయం. పైగా ఆ 3.4 సగటు మాత్రమే, ప్రతి జీవికీ అంతే ఉండాలని లేదు.

ఒక జంతువు తినే ఆహారాలు రెండే అయితే ఒక్క ఐసోటోపుతో వాటా తేల్చవచ్చు. నాలుగైదు ఉండి, వాటి విలువలు దగ్గరదగ్గరగా ఉంటే ఒకే కొలతకు ఎన్నో జవాబులు కుదురుతాయి. కంప్యూటర్ మోడల్ ఒక రంగుల గ్రాఫ్ ఇస్తుంది. కానీ అసలు సమాచారంలో లేని ఖచ్చితత్వాన్ని అది పుట్టించలేదు.

ఈ చిక్కు నుంచి బయటపడే దారి, గుర్తును మనమే వేయడం. మిచిగన్‌లోని చిన్న సరస్సుల్లో మైకేల్ పేస్, స్టీఫెన్ కార్పెంటర్ బృందం కార్బన్-13 ఎక్కువగా ఉన్న సోడియం బైకార్బొనేట్‌ను కొన్ని వారాల పాటు రోజూ కలిపింది. ఇక నీటిలో కిరణజన్య సంయోగక్రియతో తయారయ్యే కార్బన్ బరువెక్కుతుంది, గట్టు మీది అడవి నుంచి కొట్టుకొచ్చేది మామూలుగానే ఉంటుంది. 2004లో వచ్చిన ఫలితం ప్రకారం నీటిలో తేలే సూక్ష్మజంతువుల శరీరంలోని కార్బన్‌లో 22 నుంచి 50 శాతం అడవిదే. ఆ సరస్సుల్లో ఒకదానికి తర్వాత పోషకాలు వేసి మళ్లీ కొలిచారు. నాచు విపరీతంగా పెరిగాక, అడవి వాటా బాగా పడిపోయింది.