ఎడమ చెవిలో డప్పు ఎందుకు మోగలేదు?

కావలి నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామా, కొత్త ఇయర్‌ఫోన్స్‌లో ఎడమవైపు డప్పు దెబ్బే వినపడటంలా, రిటర్న్ పెట్టేసేదా?" అన్నాడు. దాన్ని వేలితో చెవిలోకి కాస్త నొక్కి పట్టుకుని వినమన్నాను. "వచ్చేసింది మామా!" అని అరిచాడు. ఇయర్‌ఫోన్ బాగానే ఉంది, దాని చివరి రబ్బరే వాడి ఎడమ చెవికి చాల్లేదు, పక్కన సందు మిగిలింది.

ఇంత చిన్న సందుకి బేస్, అంటే డప్పులాంటి లోతు శబ్దం, మాత్రమే ఎందుకు పోవాలి, తాళాలూ గజ్జెలూ ఎందుకు పోవు? నాకు భలే ఇష్టమైన ప్రశ్న ఇది. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి, సన్న సందు వదిలి, హ్యాండిల్ మెల్లగా నొక్కండి. గాలి తీరిగ్గా జారిపోతుంది, వేలికి ఒత్తిడే తెలియదు. అదే గబుక్కున నొక్కితే వేలిని తన్నేస్తుంది. సందు మారలేదు, గాలికి టైమ్ చాల్లేదంతే. ఇయర్‌ఫోన్ లోపలి పల్చటి పొర కూడా ఇలాంటి పంపే. 50 హెర్ట్జ్ బేస్‌కి, అంటే సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కీ ఊగే శబ్దానికి, ఒక్కో నొక్కుడు సెకనులో నూరో వంతు సేపు సాగుతుంది, ఆలోపు గాలి సందులోంచి తప్పుకుంటుంది. 5,000 హెర్ట్జ్ దగ్గర ఆ సమయం పదివేలో వంతు. గాలికీ బరువుంది కాబట్టి సందులోని గాలి కదిలేలోపే పొర వెనక్కి వెళ్లిపోతుంది. పైగా 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు, రబ్బరుకీ కర్ణభేరికీ మధ్య మిగిలే గాలి చూస్తే సుమారు ఒక మిల్లీలీటరు. అక్కడ అల నడిచే చోటే లేదు, ఉన్న గాలంతా ఒక్కసారిగా బిగుసుకోవాలి, వదులు కావాలి. గాలిని నొక్కి చోటు తగ్గిస్తే ఒత్తిడి పెరుగుతుందనే బాయిల్ సూత్రాన్ని బడిలో లెక్కగా చేయించే బదులు పిల్లల చేతికి పంపు ఇస్తే ఎంత బాగుంటుందో!

చెవి రంధ్రం గుండ్రంగా ఉండదు, వంకరగా ఉంటుంది, చాలామందికి రెండు చెవులూ ఒకే కొలత కావు. సిలికాన్ రబ్బరు తన గుండ్రటి ఆకారం కోసమే పట్టుబడుతుంది. స్పాంజిలాంటి ఫోమ్ అలా కాదు, వేళ్ల మధ్య నలిపి పెట్టి అర నిమిషం పట్టుకుంటే ఒంటి వేడికి మెత్తబడి, మెల్లగా ఉబ్బి వంకరలన్నీ నింపేస్తుంది. బేస్ దిట్టంగా వస్తుంది, పైస్థాయి శబ్దాలను మాత్రం కాస్త పీల్చేసుకుంటుంది. రబ్బరు మధ్య బెజ్జం సన్నమైనా పైస్థాయి తగ్గుతుంది. లోపల 2 సెంటీమీటర్ల గొట్టం మిగిలితే దాదాపు 8,500 హెర్ట్జ్ దగ్గర ఒక అనునాదం పుడుతుంది, అంటే ఆ స్థాయి శబ్దం మిగతావాటికన్నా గట్టిగా మోగుతుంది, ఇంకా లోతుగా పెడితే అది పైకి జరుగుతుంది. పాటలో "స" పలికినప్పుడల్లా చెవిలో గుచ్చుతుంటే లోతు కొంచెం మార్చి చూడండి. చెవిలో నూనె పోస్తే వినికిడి పెరుగుతుందని మా వైపు ఇంకా నమ్ముతారు. పెరగదు, పైగా ఆ జిడ్డుకి సిలికాన్ జారిపోతుంది.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలు దాటాక వేరుశనక్కాయలు నములుతూ పాట వినండి. దవడ కదిలినప్పుడల్లా చెవి రంధ్రం ఆకారం మారి, సందు తెరుచుకుని బేస్ వచ్చి పోతుంటుంది, అదే సందులోంచి రైలు గడగడ లోపలికొస్తుంది. ఫోమ్‌తో ఈ బాధ తక్కువే, కాకపోతే సిలికాన్‌లా ఏళ్ల తరబడి రాదు, గులిమి పట్టి గట్టిపడితే మార్చాల్సిందే. మావాడు సిలికానే ఉంచుకున్నాడు, ఎడమకి పెద్దది, కుడికి మధ్య సైజుది.