బిల్లు సరిహద్దు దాటుతుంది, అద్దె దాటదు

పోయిన వారం మళ్ళీ అదే మాట. శ్రీకాకుళం నుంచి ఒక కుర్రాడు ఒడిశా బరంపురంలో జీఎస్టీ పనులు చూసే మా ఆఫీసుకి వచ్చాడు. ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ, ఆరుగురు మనుషులు. ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు ఫ్యాక్టరీల పని దొరుకుతోందట. గది కూడా చూసుకున్నాడు, ఇక అడ్వాన్సు ఇవ్వడమే తరువాయి. "ఆంధ్రా జీఎస్టీ ఉంది కదండీ. ఇచ్ఛాపురం దాటితే బరంపురమే. దీనికి మళ్ళీ ఇంకో నంబరేటి?" అన్నాడు.

2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను. తప్పు అతనిది కాదు. ఈ గంజాం నేల 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇవాళ్టికీ సంబంధాలు, పెళ్ళిళ్ళు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి. మనకి గీత కనబడదు. జీఎస్టీకి మాత్రం ఆ గీతే ముఖ్యం.

అపోహ: ఒక రాష్ట్రంలో జీఎస్టీ నంబరుంటే ఏ ఊళ్ళోనైనా ఆఫీసు పెట్టుకోవచ్చు.

వాస్తవం: పాన్ ఒకటే అయినా నంబరు రాష్ట్రానికొకటి. ఆంధ్రాది 37తో మొదలవుతుంది, ఒడిశాది 21తో. మనుషుల్ని కూర్చోబెట్టి, కంప్యూటర్లు పెట్టి బరంపురం నుంచి పని చేస్తే, ఆ పని ఒడిశా నుంచి చేసినట్టే లెక్క. "ఇక్కడ ఇంకా 20 లక్షలు రాలేదు కదా" అంటారు. ఆ 20 లక్షలు (ఏడాది వ్యాపారం ఇది దాటితే నంబరు తప్పదు) ఊరివారీ లెక్క కాదు, దేశం మొత్తం మీద మీ పాన్ కింద జరిగిన వ్యాపారం. శ్రీకాకుళంలో ఇప్పటికే దాటి ఉంటే, బరంపురంలో మొదటి బిల్లుకే నంబరు కావాలి.

అసలు దెబ్బ అద్దె దగ్గర తగులుతుంది. నెలకి 30,000 అద్దె అనుకోండి. ఓనరు బిల్లులో కేంద్రం వాటా సీజీఎస్టీ 2,700, రాష్ట్రం వాటా ఒడిశా ఎస్‌జీఎస్టీ 2,700 వేస్తాడు. స్థలం ఒడిశాలో ఉంది కాబట్టి ఆ పన్ను ఒడిశాదే. మీ 37 నంబరు మీద దాని క్రెడిట్ రాదు, అంటే మీరు కట్టాల్సిన పన్నులోంచి అది తగ్గదు. సీజీఎస్టీ సగం కూడా రాదు. ఏడాదికి 64,800 పోయినట్టే.

విశాఖ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఇలాగే మూడేళ్ళు నడిపారు. అద్దె బిల్లులన్నీ నెలవారీగా పంచ్ చేసి ఫైల్లో పెట్టుకున్నారు, ఒక్కటీ తప్పిపోలేదు. క్రెడిట్ పోగవుతోందని ఆయన నమ్మకం. ఏ బిల్లు మీద క్రెడిట్ దొరుకుతుందో నెలనెలా చూపించే జీఎస్టీఆర్-2బి పట్టీ తెరిచి చూపించాను. ప్రతి నెలా ఆ బిల్లు క్రెడిట్ దొరకని భాగంలోనే ఉంది. మొత్తం 1,94,400. కాగితం మీద రాసి ముందు పెడితే, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. ఒడిశా నంబరు ఇప్పుడు తీసుకున్నా పాత అద్దె మీద క్రెడిట్ తిరిగి రాదని చెప్పాల్సి రావడం నాకూ కష్టమే అయింది. ఎవరో "ఏం ఫరవాలేదు" అన్న ఒక్క మాటకి అంత డబ్బు పోయింది.

ఇదే అపోహకి రెండో ముఖం కూడా ఉంది. దీనితో భయపడి వచ్చేవాళ్ళే ఎక్కువ. "ఒడిశా కంపెనీ పని ఇవ్వాలంటే ఒడిశా నంబరు ఉండాలంటండీ" అంటూ కంగారుగా వస్తారు. ఎవరు పుట్టిస్తారో ఈ పుకార్లు! శ్రీకాకుళంలో కూర్చుని పని చేసి, రాష్ట్రం దాటే బిల్లుకి వేసే ఐజీఎస్టీ 18 శాతంతో బిల్లు వేయండి. ఫ్యాక్టరీవాళ్ళకి ఆ క్రెడిట్ మామూలుగానే వస్తుంది, వాళ్ళకి పైసా తేడా ఉండదు. నెలలో రెండు రోజులు సైటుకి వచ్చి పోయేవాళ్ళకి ఇక్కడ ఆఫీసే అక్కర్లేదు. లాడ్జి బిల్లు మీద పన్ను మాత్రం పోతుంది, అది అద్దెలాంటిదే. నంబరు తీసుకుంటే దాని ఖర్చూ ఉంది. రిటర్నులు వేరే వేయాలి. మీ రెండు ఆఫీసులూ చట్టం దృష్టిలో ఇద్దరు వేర్వేరు మనుషులు, ఒకరి పని ఇంకొకరు చేసిపెడితే బిల్లు వేసుకోవాలి.

అందుకే ఊరు ఎంచుకునే ముందు అద్దె అడగొద్దు, మీ మనుషులు ఎక్కడ ఎన్ని రోజులు ఉంటున్నారో లెక్క తీయండి.

"భువనేశ్వర్‌లో బోర్డు ఉంటేనే విలువ" అనేది ఇంకో మాట. సెక్రటేరియట్‌తో పని ఉన్నవాళ్ళకి నిజమే. తేరుబలి ఫెర్రో అల్లాయ్స్, జేకేపూర్ పేపరు మిల్లు, టికిరి అల్యూమినా పని చేసేవాళ్ళకి రాయగడే ఊరు, అది విజయనగరం లైను మీదే ఉంది. దమన్‌జోడి, సునాబేడా పనైతే కోరాపుట్, జయపురం చూడండి. బరంపురంలో ఉంటే విశాఖ, భువనేశ్వర్ రెండూ ఒకే రైలు మార్గంలో దొరుకుతాయి. 2024 మార్చి నుంచి వందేభారత్ కూడా ఉంది.

నంబరు తీసుకోవడానికి తాళం వేసిన గది చిరునామా చాలంటారు. చాలదు. అధికారి వచ్చి చూసి ఫోటోలు తీసి అప్‌లోడ్ చేయొచ్చు. మొన్నొక గదికి కరెంటు బిల్లు ఓనరుగారి తాతగారి పేరు మీద ఉంది, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. దరఖాస్తు వెనక్కొచ్చింది. అడ్వాన్సు ఇచ్చే ముందే కరెంటు బిల్లు మీద ఎవరి పేరుందో చూడండి.

"ఓనరుకి జీఎస్టీ లేదు, అద్దె మీద పన్నే ఉండదు" అనేదీ చెల్లదు. 2024 అక్టోబరు 10 నుంచి అలాంటి అద్దె మీద నంబరున్న అద్దెదారే ఓనరు బదులు పన్ను నేరుగా ప్రభుత్వానికి కట్టాలి, దీన్నే రివర్స్ ఛార్జి అంటారు. ఒడిశా నంబరుంటే ఆ క్రెడిట్ మీదే. వృత్తి పన్నుకి భయపడకండి, మనిషికి ఏడాదికి 2,500 దాటదు. తెలుగుతో గడిచిపోతుందా అంటే, పర్లాకిమిడి బజార్లో గడుస్తుంది, మునిసిపాలిటీ కాగితం దగ్గర గడవదు. ఒడియా చదివి రాయగల మనిషిని ఒకరిని పెట్టుకోండి.

ఆ కుర్రాడిని అడ్వాన్సు ఆపమన్నాను. మూడు నెలలపాటు ఎవరు ఎన్ని రాత్రులు బరంపురంలో ఉన్నారో ఒక నోటుబుక్కులో రాసి తెమ్మన్నాను. నెలకి పదిహేను దాటితే గది తీసుకుందాం, అగ్రిమెంటు అయిన 30 రోజుల్లోపే ఒడిశా నంబరుకి దరఖాస్తు పెడదాం అని చెప్పాను. సరేనండీ అని ఆ సాయంత్రమే రైలెక్కాడు.