పద్నాలుగు నెలలు రెండేళ్ళు ఎలా అయ్యాయి?

విదేశాల్లో మెడిసిన్ చదివి వచ్చినవాళ్ళు ఇక్కడ హౌస్‌సర్జన్సీ, అంటే చదువయ్యాక ఆస్పత్రిలో చేసే తప్పనిసరి శిక్షణ, ఎంతకాలం చేయాలన్న గొడవ చెన్నైలో మళ్ళీ రాజుకుంది. పిల్లలు చైనాకి, ఉక్రెయిన్‌కి ఎందుకు వెళ్తారో, ఇక్కడ సీటు ఖరీదు ఎంతో అందరికీ తెలుసు. తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ, అంటే విదేశీ డిగ్రీవాళ్ళకి పెట్టే అర్హత పరీక్ష, రాయాలన్నది 2002 నుంచీ ఉన్నదే. ఇప్పటి తగాదాకి మూలం అక్కడ లేదు. 2022లో ఉంది, అదీ మద్రాస్ హైకోర్టు నుంచి ఢిల్లీకి వెళ్ళిన ఒక కేసులో.

కోవిడ్‌తో చైనా తలుపులు మూసేసింది. అక్కడ చదివే తమిళనాడు విద్యార్థులు ఇళ్ళలోనే ఉండిపోయారు. వార్డులో రోగి పక్కన నిలబడి నేర్చుకోవాల్సింది లాప్‌టాప్‌లో చూశారు. డిగ్రీలు వచ్చాయి, ఎఫ్ఎంజీఈ కూడా పాసయ్యారు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ మాత్రం ఆగిపోయింది. అది లేనిదే హౌస్‌సర్జన్‌గా చేరడానికి లేదు. హైకోర్టు మధ్యేమార్గం చెప్పింది: పోయిన ప్రాక్టికల్స్‌కి బదులు 2 నెలలు, ఆపైన అందరిలాగే 12 నెలలు. మొత్తం 14.

దేశంలో వైద్య విద్యను నియంత్రించే జాతీయ వైద్య కమిషన్ ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2022 ఏప్రిల్ 29న తీర్పు వచ్చింది. చేత్తో రోగిని తాకకుండా డాక్టర్ అవ్వరన్న కమిషన్ వాదనతో కోర్టు ఏకీభవించింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఈ పిల్లల చదువు వృథా కాకూడదని, రెండు నెలల్లో వీళ్ళకో పథకం తయారుచేయమని కూడా అదే కోర్టు చెప్పింది. పోయిన ప్రాక్టికల్స్‌కి బదులు ఇచ్చే శిక్షణ ఎంతకాలమన్నది కమిషన్‌కే వదిలేసింది. అప్పటికి ఉక్రెయిన్ నుంచి వేలమంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చేశారు. జూలై 28న కమిషన్ సర్క్యులర్ వచ్చింది. 2022 జూన్ 30లోపు కోర్సు పూర్తయినట్టు సర్టిఫికెట్ ఉన్న చివరి ఏడాదివాళ్ళు ఎఫ్ఎంజీఈ రాయొచ్చు, కానీ హౌస్‌సర్జన్సీ రెండేళ్ళు. ఒక్కసారికే అన్నారు. తర్వాత కొందరికి అది మూడేళ్ళయింది.

నా దృష్టిలో మొత్తం కథ తిరిగింది ఇక్కడే. అంతకుముందు అడిగిన ప్రశ్న ఒకటే: ఎఫ్ఎంజీఈలో 300కి 150 వచ్చాయా? ఆ పరీక్షేమీ తేలిక కాదు, 2024 జూన్‌లో పాసైంది నూటికి దాదాపు 21 మంది. ఇప్పుడు అది గట్టెక్కినవాణ్ణి కూడా ఏ నెలలో ఏ దేశంలో ఉన్నావని అడుగుతున్నారు.

చెన్నై పెరంబూరులో నాకు తెలిసిన నెల్లూరు కుటుంబం ఒకటుంది. ఆ పెద్దాయన ఫైలు తెరిస్తే ముందు కనిపించేది కొడుకు మార్కులు కాదు, పాస్‌పోర్టు జిరాక్సులు. ప్రతి ముద్ర పక్కనా పెన్సిల్‌తో రోజుల లెక్క. "పాసయ్యాడా అంటే కాగితం చూపిస్తా. 2021 మార్చిలో ఎక్కడున్నాడంటే మాత్రం, అదిగో, ఆ మేడ మీద గదిలోనే గదండీ" అన్నారాయన.

ఆ లెక్కలు కూడా నిలకడగా లేవు. ఆన్‌లైన్ క్లాసులకు బదులు నేరుగా క్లాసులు చేశామని విదేశీ కాలేజీలు ఇచ్చే సర్టిఫికెట్లు చెల్లవన్నట్టు 2024 జూన్‌లో ఒక సర్క్యులర్, సరిపడా చేసి ఉంటే చెల్లుతాయని అదే నెలలో వివరణ. ఆంధ్రాలో రిజిస్టర్ చేయించుకుందామంటే అక్కడా ఇదే గోల. 2025లో విజయవాడలో వీళ్ళు రోడ్డెక్కింది దీనికే.

హౌస్‌సర్జన్‌గా చోటు దొరకడం మరో తంటా. 2022 మార్చి నాటి నిబంధన ప్రకారం కాలేజీ సీట్లకు అదనంగా 7.5 శాతం మించకుండా తీసుకోవాలి. 150 సీట్ల కాలేజీలో 11 మంది. స్టైపెండ్ ఇక్కడి వాళ్ళతో సమానంగా ఇవ్వాలనీ, ఫీజు వసూలు చేయకూడదనీ కూడా అందులో ఉంది.

ఇంత టెన్షన్ పడేది ఎండీ, ఎంఎస్ సీటు కోసం. ఆ సీట్ల ప్రవేశ పరీక్ష నీట్ పీజీకి హౌస్‌సర్జన్సీ ఫలానా తేదీలోపు పూర్తవ్వాలి. ఒక్కరోజు దాటినా ఏడాది పోయినట్టే. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు పీజీ సీట్లలో స్థానికత రిజర్వేషన్ చెల్లదంది, తమ కాలేజీలో చదివినవాళ్ళకు కొంత ప్రాధాన్యం ఇవ్వడం మాత్రం తప్పు కాదంది. బయట చదివొచ్చినవాళ్ళకి ఇక్కడ ఆ పుట్టిల్లు కూడా లేదు.

పెరంబూరు అబ్బాయి 2023 సెప్టెంబర్‌లో చేరాడు. హైకోర్టు చెప్పిన 14 నెలలే అయితే 2024 నవంబర్‌కి అయిపోయేది. రెండేళ్ళు కాబట్టి 2025 సెప్టెంబర్ దాకా పట్టింది. ఆ ఏడాది నీట్ పీజీకి గడువు జూలై 31.