ఆఖరి ముద్దే దోషి కాదు: చిన్న రెస్టారెంట్లు, బార్ల గురించి అపోహలు – వాస్తవాలు

పదిహేడేళ్లుగా నేను చిన్న రెస్టారెంట్ల వంటగదుల్లో పనిచేస్తున్నాను. పెద్ద చైన్ల బోర్డు లేకుండా, యజమానే గల్లా దగ్గర కూర్చుని, రద్దీ పెరిగితే తానే లేచి వడ్డించే చోట్లు ఇవి. నగరంలో కొత్త కొత్త పేటలు తిరిగి తినాలన్న ఉత్సాహం ఉన్నవారు కూడా ఇలాంటి గుమ్మం దాకా వచ్చి వెనుదిరగడం చాలాసార్లు చూశాను. వారిని ఆపేది ధరా కాదు, రుచీ కాదు. "అక్కడ తింటే కడుపు పాడవుతుందట" అన్న ఒక్క మాట. ఆ మాట పుట్టేది తెల్లవారుజామున మాకు వచ్చే ఫోన్లలోనే: "రాత్రి మీ దగ్గర తిన్నాం, తెల్లారేసరికి వాంతులు."

అపోహ: ఆఖరున ఎక్కడ తిన్నామో, కడుపు పాడుచేసింది అక్కడి తిండే.

వాస్తవం: ఒక్కోసారి అది నిజమే కావచ్చు, కానీ ఆఖరున తిన్నామన్నది దానంతట అది రుజువు కాదు. క్రిమి లోపలికి చేరాక లక్షణాలు బయటపడడానికి ఎంత వ్యవధి పడుతుందన్నది ఆ క్రిమిని బట్టి ఉంటుంది. స్టెఫిలోకోకస్ అనే బ్యాక్టీరియా ఆహారంలోనే ముందుగా విషాన్ని తయారుచేసి పెడుతుంది కాబట్టి అరగంట నుంచి 8 గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే పెరిగే బాసిల్లస్ సీరియస్ వల్ల వచ్చే వాంతులు కూడా దాదాపు 6 గంటల్లోపే కనిపిస్తాయి. అక్కడి నుంచి లెక్క మారిపోతుంది. క్లోస్ట్రిడియం పర్ఫ్రింజెన్స్‌కు 6 నుంచి 24 గంటలు, నోరోవైరస్‌కు 12 నుంచి 48 గంటలు, సాల్మొనెల్లాకు 6 గంటల నుంచి 6 రోజులు, క్యాంపిలోబాక్టర్‌కు సాధారణంగా 2 నుంచి 5 రోజులు పడుతుంది. కాలేయానికి సోకే హెపటైటిస్ ఎ అయితే 15 నుంచి 50 రోజుల తరువాత బయటపడుతుంది. అన్ని రోజుల కిందట ఏ పూట ఎక్కడ తిన్నారో ఎవరికి గుర్తుంటుంది?

కాకి వాలింది, తాటిపండు రాలింది. పండు రాలడానికి కాకే కారణమని మనసు ఇట్టే నమ్మేస్తుంది. రోజూ ఇంట్లో తినేవారికి బయట తిన్న పూట ఒక్కటే ప్రత్యేకంగా గుర్తుంటుంది కాబట్టి అనుమానం నేరుగా అక్కడికే పోతుంది. అందులోనూ పెద్ద పేరున్న చోట తిన్నప్పుడు "నా ఒంటికే పడలేదేమో" అనుకునేవారు, చిన్న చోట తిన్నప్పుడు మాత్రం క్షణం ఆలోచించకుండా తీర్పు చెప్పేస్తారు. "నిప్పు లేనిదే పొగ రాదు" అని ఆ తీర్పును పదిమందికి పంచేవారి మీద నాకు ఓపిక లేదని దాచకుండా చెబుతున్నాను.

ఈ అపోహ వల్ల నష్టపోయేది రెస్టారెంటు ఒక్కటే కాదు. అసలు కారణం ఇంటి ఫ్రిజ్‌లో ఉంటే అది అక్కడే ఉండిపోతుంది, మరుసటి రోజు ఇంకొకరు దాన్ని తింటారు. ఇంట్లోనే ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటున్న జబ్బయితే చేతుల శుభ్రతపై ఎవరి దృష్టీ పడదు. డాక్టరు దగ్గర కూడా ఆ ఒక్క పూట భోజనం గురించే చెప్పి, నాలుగు రోజుల కిందటి సంగతి చెప్పకుండా వచ్చేస్తారు.

మా దగ్గరికి తరచూ వచ్చే ఒక కుటుంబం గుర్తుకొస్తోంది. శుక్రవారం రాత్రి భార్యాభర్తలు, నాలుగేళ్ల బాబు వచ్చి తిన్నారు. శనివారం తెల్లవారుజామున పెద్దవాళ్లిద్దరికీ వాంతులు, విరేచనాలు. సాయంత్రానికి ఆ సంగతి వారి అపార్ట్‌మెంట్ అంతా పాకింది. ఆ వారంలో మాకు సగం బల్లలు ఖాళీగా ఉన్నాయి. మంగళవారం ఆవిడే ఫోన్ చేసి, కాస్త తటపటాయించి, "ఏమండీ, బాబుకి గురువారం మధ్యాహ్నమే రెండుసార్లు వాంతులయ్యాయి, మేమే శుభ్రం చేశాం. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉంటుందంటారా?" అని అడిగారు. పరీక్ష చేయించలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను గానీ, ఆ వ్యవధి, ఆ వరుస నోరోవైరస్‌కు సరిగ్గా సరిపోతాయి. ఆవిడ మీద నాకు ఆ రోజూ కోపం రాలేదు, ఈ రోజూ లేదు. ఒంట్లో సత్తువ లేక, పక్కన చంటివాడు ఏడుస్తుంటే, ఎవరైనా ముందు దొరికిన కారణాన్నే పట్టుకుంటారు.

1906లో న్యూయార్క్ సమీపంలోని ఆయిస్టర్ బే అనే చోట ఒక సంపన్న కుటుంబంలో టైఫాయిడ్ పుట్టినప్పుడు కూడా ముందుగా నీటినే అనుమానించారు. జార్జ్ సోపర్ అనే ఇంజినీరు వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్లి, జబ్బు బయటపడడానికి సుమారు మూడు వారాల ముందు పనిలో చేరిన వంటమనిషి మేరీ మాలన్ దగ్గరకు చేరుకున్నాడు. ఆమెలో జబ్బు లక్షణాలేవీ లేవు, క్రిమి మాత్రం ఉంది. వారాల వెనక్కి వెళ్లి చూడకపోయి ఉంటే ఆమె పేరు ఎవరికీ తట్టేది కాదు.

అంతమాత్రాన మా వంటగదులు తప్పు చేయవని అనడం లేదు. తప్పు నేనే చేశాను. ఈ పనిలోకి వచ్చిన తొలి రోజుల్లో ఒక మధ్యాహ్నం పెద్ద గుండిగ నిండా మాంసం పులుసు వండి, చల్లారాక ఫ్రిజ్‌లో పెడదామని మూతపెట్టి గట్టు మీద వదిలేశాను. రాత్రంతా అది అక్కడే ఉండిపోయింది. మర్నాడు వేడిచేసి వడ్డించాం. ఆ రాత్రి ఆరుగురికి కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు వచ్చాయి. వాంతులు మాత్రం లేవు. ఒక రోజులో తేరుకున్నారు, అది వారి అదృష్టం, నా అదృష్టం. తనిఖీకి వచ్చిన అధికారి నన్ను తిట్టలేదు. అలాంటిదే ఇంకో గుండిగ వండించి, నాలుగు గంటల తరువాత నా చేతికే థర్మామీటరు ఇచ్చారు. అంచు దగ్గర పులుసు చల్లగానే ఉంది; థర్మామీటరు నిలువునా దించి మధ్యలో చూస్తే 41 డిగ్రీల సెల్సియస్. ఇలాంటి చోట అనుమానించాల్సిన పర్ఫ్రింజెన్స్ క్రిమి బీజాలు (నిద్రాణంగా ఉండే దాని రూపాలు) మరిగించినా చావవు, ఆ గోరువెచ్చదనంలోనే అవి మేలుకొని పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిని ప్రమాదకరమని చెప్పడం, వండినదాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దనడం ఇందుకే. ఆ రోజు నుంచి నేను పులుసును రెండు అంగుళాల లోతుకు మించని పళ్లేల్లో పోసి చల్లారుస్తున్నాను.

కాబట్టి మీకు నలతగా ఉంటే ఫోన్ చేయండి, తప్పకుండా చేయండి. గత మూడు నాలుగు రోజుల్లో ఏ పూట ఏం తిన్నారో, లక్షణాలు ఏ గంటకు మొదలయ్యాయో, అదే తిన్నవారిలో ఎవరికి బాగానే ఉందో, ఇంట్లో ముందుగా ఎవరికి వచ్చిందో రాసి పెట్టుకోండి. వేర్వేరు ఇళ్ల నుంచి వచ్చి, ఒకే వంటకం తిన్నవారు దాదాపు ఒకే వేళకు జబ్బుపడితే అప్పుడు అనుమానం మా మీదే ఉండాలి, ఆరోగ్య అధికారులకు కూడా చెప్పాలి. విరేచనాల్లో రక్తం పడినా, తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్‌కు (సుమారు 102 ఫారన్‌హీట్‌కు) చేరినా, విరేచనాలు మూడు రోజులు దాటినా ముందు డాక్టరు దగ్గరకు వెళ్లండి. దోషిని తరువాత వెతకవచ్చు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను.

అపోహ: చిన్న వంటగది అంటే మురికి వంటగది.

వాస్తవం: శుభ్రత చదరపు అడుగుల్లో ఉండదు. చేతులు కడుక్కునే తొట్టి దగ్గర సబ్బు ఉందా, ఒంట్లో బాగాలేని పనివాడికి సెలవు ఇస్తున్నారా అన్నవే నేను చూస్తాను. నోరోవైరస్ సోకినవారు వాంతులు, విరేచనాలు తగ్గాక కూడా కనీసం 48 గంటలు వంటకు దూరంగా ఉండాలి. చిన్న గదికి అరవై వంటకాల మెనూ ఉంటే మాత్రం నేను కాస్త సందేహిస్తాను, అన్నింటినీ తాజాగా ఉంచడం కష్టం.

అపోహ: బాగా మరిగిస్తే పాడైనదీ బాగవుతుంది.

వాస్తవం: స్టెఫిలోకోకస్ విషం మరిగించినా పోదు.

అపోహ: బార్‌లో ఐస్ ఎలా ఉన్నా ఫరవాలేదు, మద్యం క్రిముల్ని చంపేస్తుంది.

వాస్తవం: గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు, గ్లాసులో పోసే మద్యం గాఢతను నమ్ముకోలేం. ఐస్‌ను చేత్తో తీస్తున్నారా, స్కూపుతోనా అన్నది చూడండి.

అపోహ: కాఫీ తాగితే మత్తు దిగుతుంది.

వాస్తవం: నిద్రమత్తు కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది, రక్తంలోని ఆల్కహాల్ తగ్గదు. కాలేయం తన వేగంతోనే పనిచేస్తుంది. దయచేసి కాఫీని నమ్ముకుని బండి తీయకండి.

అపోహ: అలర్జీ ఉంటే ఆ పదార్థం ఉన్న వంటకం తెప్పించుకోకపోతే చాలు.

వాస్తవం: ఒకే నూనెలో వేర్వేరు పదార్థాలు వేగుతాయి, ఒకే గరిటె రెండు గిన్నెల్లోకి వెళుతుంది. చెప్పడానికి మొహమాటపడి, ముక్కలు ఏరి పక్కన పెట్టుకుని తిన్న ఒక అమ్మాయికి మా ఎదుటే పెదవులు వాచాయి. ఆర్డర్ ఇవ్వకముందే, నేరుగా వంటగదికి తెలిసేలా చెప్పండి. చిన్న చోట వంట చేసే మనిషి ఆ తలుపు వెనుకే ఉంటాడు. పిలిస్తే చేతులు తుడుచుకుంటూ మీ బల్ల దగ్గరకు వచ్చి, దేంట్లో ఏం పడిందో చెప్పగలడు.