నంబర్ సరిగ్గానే ఉంది, మరి తలనొప్పి ఎందుకు? సింగిల్ విజన్ లెన్సులపై అపోహలు - వాస్తవాలు

రోజూ కళ్లు పరీక్షించి అద్దాలు రాసే పని నాది. సింగిల్ విజన్ లెన్సుల గురించి, అంటే అంతటా ఒకే పవర్ ఉండే లెన్సుల గురించి, ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: అద్దాలు పెడితే కళ్లు బద్ధకించి పవర్ పెరిగిపోతుంది.
పిల్లల్లో మైనస్ పవర్ పెరిగేది కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల, అద్దాల వల్ల కాదు. "కొంచెం తక్కువ పవర్ ఇవ్వండి" అని బతిమాలే తల్లిదండ్రులున్నారు, కానీ అలా ఇస్తే పెరుగుదల ఆగదు సరికదా, పిల్లాడికి బోర్డు మసగ్గా కనిపిస్తుంది.

అపోహ: నంబర్ కరెక్ట్‌గా ఉంటే ఏ ఫ్రేమ్‌లో బిగించినా ఒకటే.
అసలు గొడవంతా ఇక్కడే. లెన్స్ కేంద్రం కంటిపాపకి ఎదురుగా ఉండాలి. మైనస్ 6 ఉన్నవాళ్లకి అది 3 మిల్లీమీటర్లు పక్కకి జరిగితే ఒక్కో కంటికి 1.8 ప్రిజం పడుతుంది, అంటే వస్తువు ఉన్న చోటు నుంచి కాస్త జరిగినట్టు కనిపిస్తుంది, దాన్ని సరిచేసుకోవడానికి కళ్లు రోజంతా కష్టపడతాయి. పవర్ అరో, ముప్పావో ఉంటే ఈ తేడా తెలియనే తెలియదు. అందుకే ఆర్డర్ ఇచ్చేముందు పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, కొలిచారో లేదో అడగండి, మొహమాటపడకండి.

అపోహ: ఇండెక్స్ ఎంత ఎక్కువైతే చూపు అంత బాగుంటుంది.
ఇండెక్స్ అంటే లెన్స్ మెటీరియల్ కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె. అది పెరిగితే లెన్స్ పల్చగా వస్తుంది, అంతే. మైనస్ 2కి 1.74 ఇండెక్స్ దండగ, చిన్న ఫ్రేమ్ ఎంచుకుంటే 1.50తోనే అంచులు మందంగా కనిపించవు. పిల్లలకి, ఆటలాడేవాళ్లకి మాత్రం పాలీకార్బనేట్ తీసుకోండి, దెబ్బ తగిలినా అంత తేలిగ్గా పగలదు. కాకపోతే పవర్ ఎక్కువైతే అంచుల్లో కాస్త రంగులు కనిపిస్తాయి.

అపోహ: చత్వారానికి ఒక జత చాలు, చదవడానికీ కంప్యూటర్‌కీ అదే.
పుస్తకం 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం, మానిటర్ 60 నుంచి 70లో ఉంటుంది. చదివే పవర్‌తో మానిటర్ చూస్తే మెడ ముందుకి సాగుతుంది. టేపు పెట్టి మీ మానిటర్ దూరం కొలుచుకుని రండి, దానికి సరిపడా వేరే సింగిల్ విజన్ జత రాస్తాం. నీలి కాంతిని తగ్గించే బ్లూ కట్ కోటింగ్‌తో ఈ అలసట పోతుందని మాత్రం ఆశపడొద్దు.

సిలిండర్, అంటే అస్టిగ్మాటిజం సరిచేయడానికి ఒక దిశలో ఇచ్చే పవర్, ఉన్నవాళ్లకి ఇంకో మాట. యాక్సిస్, అంటే ఆ పవర్‌ని అమర్చే కోణం, 10 డిగ్రీలు తిరిగితే సిలిండర్ లోపంలో మూడో వంతు సరికాకుండా మిగిలిపోతుంది. కాబట్టి ఉన్నట్టుండి మసక మొదలైతే పవర్ మారిందని టెన్షన్ పడేముందు జోడు టేబుల్ మీద పెట్టి చూడండి, ఒక కాడ పైకి లేచిందంటే ముందు ఫ్రేమ్ సరిచేయించుకోండి.